కోర్సు బాగుపడాలంటే ఫీడ్‌బ్యాక్ ఎప్పుడు అడగాలి, మార్కులు ఎలా చదవాలి

అకడమిక్ ఆడిట్ వస్తోందంటే మన డిపార్ట్‌మెంట్లలో జరిగే హడావుడి తెలిసిందే. వారం ముందు నుంచీ ఎక్సెల్ షీట్లు చేతులు మారుతుంటాయి, ఎవరో సీనియర్ పోయినేడాది ఫైలు వాట్సాప్‌లో పడేస్తారు, అందులో బ్యాచ్ పేరు మార్చి, సీవో (కోర్స్ ఔట్‌కమ్, అంటే కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలన్నది) అటైన్‌మెంట్ 3కి 2.4 అనో 2.6 అనో వచ్చేలా సర్ది, ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టేస్తాం. ఆ 2.4 చూసి తర్వాతి సెమిస్టర్లో పాఠం చెప్పే తీరు ఒక్క గంటైనా మార్చుకున్నవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు.

అలాగని ఆ లెక్కలు దండగ అనను. 2014లో, ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే మన ఎన్‌బీఏకి, దేశాలు ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీల్ని ఒకరు గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం వచ్చాక ఈ ఔట్‌కమ్ గొడవ మన ఇంజనీరింగ్ కాలేజీలని గట్టిగా పట్టుకుంది. దాని వెనకున్న ప్రశ్న మాత్రం మంచిదే: సిలబస్ ఎంత చెప్పారన్నది పక్కన పెట్టండి, చివరికి పిల్లలకి ఏం చేయడం వచ్చింది? దానికి జవాబు వెతుక్కోవడం మానేసి ఫార్మాట్ నింపడం మొదలుపెట్టాం, అదీ సమస్య.

పిల్లలిచ్చే ఫీడ్‌బ్యాక్‌నీ వాళ్ల మార్కుల్నీ ఒక మామూలు లెక్చరర్, వారానికి పదహారు పద్దెనిమిది గంటల వర్క్‌లోడ్ మధ్యలో, నిజంగా పనికొచ్చేలా ఎలా వాడుకోవచ్చో చెప్తాను. ఉదాహరణకి సెకండియర్ సీఎస్ఈ డేటా స్ట్రక్చర్స్ తీసుకుంటున్నాను. సివిల్ వాళ్లు, ఈసీఈ వాళ్లు, డిగ్రీ కాలేజీ వాళ్లు ఆ చోట తమ సబ్జెక్టు పెట్టుకుని చదువుకోండి. పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: పిల్లలకి మాత్రమే తెలిసిన సంగతులు పిల్లల్ని అడగాలి, వాళ్లకి ఎంత వచ్చిందన్నది వాళ్ల ఆన్సర్ షీట్లని అడగాలి. మన ఫారాల్లో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి.

సీవోలు ముందు, యూనిట్లు తర్వాత

"సిలబస్ యూనివర్సిటీ ఇస్తుంది, మన చేతిలో ఏముంది సార్" అని అఫిలియేటెడ్ కాలేజీల్లో అందరూ అనే మాట. చాలానే ఉంది. ఏ టాపిక్ ముందు, ఏది వెనక, దేనికి ఎన్ని గంటలు, ల్యాబ్‌లో ఏ వారం ఏం చేయించాలి, మిడ్ పేపర్లో ఏం అడగాలి, ఇవన్నీ మనవే. పైగా ఇంటర్నల్ బరువు పెరిగింది కూడా. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్స్‌లో థియరీకి ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75 ఉండేది, ఆర్22కి వచ్చేసరికి 40, 60 అయింది. అంటే వందలో నలభై మార్కుల మేరకి ఏం కొలవాలో తేల్చేది చాలావరకూ మీరే.

మన కోర్స్ ఫైళ్లలో ఐదు యూనిట్లకి ఐదు సీవోలు ఉంటాయి, ఒక్కో యూనిట్ పేరుకి ముందు "అర్థం చేసుకుంటారు" అని తగిలించి. "స్టూడెంట్ లింక్డ్ లిస్టులను అర్థం చేసుకుంటారు." సరే, అర్థమైందో లేదో మీకెలా తెలుస్తుంది? సీవో రాసిన వెంటనే దాని పక్కన ఒక ప్రశ్న రాయండి, అది వస్తే ఈ సీవో వచ్చినట్టే అని మీరు ఒప్పుకునే ప్రశ్న. అలాంటి ప్రశ్న తట్టకపోతే ఆ సీవో కొట్టేసి మళ్లీ రాయండి. నేనైతే ఆ వాక్యాన్ని ఇలా మారుస్తాను: "బొమ్మ గీసి ఇచ్చిన లింక్డ్ లిస్టులో మధ్యలో ఉన్న నోడ్‌ని తీసేసే కోడ్ సొంతంగా రాసి, లిస్టు ఖాళీగా ఉన్నప్పుడు, తీయాల్సింది మొదటి నోడే అయినప్పుడు ఏమవుతుందో చెప్పగలరు." పొడుగ్గా ఉందా? ఉండనివ్వండి. పేపర్ సెట్ చేసే రోజున మీకే సుఖం.

సీవోలు నాలుగుంటే చాలు. అవి యూనిట్లని అడ్డంగా కోస్తూ పోవచ్చు. "ఇచ్చిన అవసరాన్ని బట్టి అర్రే, లింక్డ్ లిస్ట్, ట్రీ, హ్యాష్ టేబుల్‌లలో ఏది వాడాలో ఎంచుకుని, ఎందుకో టైమ్ కాంప్లెక్సిటీతో సమర్థించడం" అన్నది ఏ ఒక్క యూనిట్లోనూ ఇమడదు, కానీ కోర్సు మొత్తంలో మిగలాల్సిన విద్య అదే.

సీవోలు రాయడానికి కూర్చునే ముందు ఇద్దర్ని కలవండి. ఒకరు తర్వాతి సెమిస్టర్లలో డీబీఎంఎస్, అల్గారిథమ్స్ చెప్పే కొలీగ్. "మా డేటా స్ట్రక్చర్స్ అయి మీ క్లాసుకి వచ్చిన పిల్లలకి ఏం రావట్లేదు?" అని అడిగితే స్టాఫ్ రూమ్‌లో టీ తాగేలోపు మీకు కావాల్సిందంతా చెప్పేస్తారు, అడిగేవాళ్లు లేక ఊరుకున్నారంతే. రెండోవాళ్లు ప్లేస్‌మెంట్ టెస్టులు రాసొచ్చిన ఫైనలియర్ పిల్లలు. "సెకండియర్లో చదివినదాంట్లో మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది ఏంటి" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఇక్కడే బ్లూమ్స్ లెవెల్స్ గురించి, అంటే ఒక ప్రశ్న ఎంత లోతైన ఆలోచన అడుగుతుందో చెప్పే మెట్ల గురించి, ఓ మాట. క్వశ్చన్ పేపర్లో ప్రతి ప్రశ్న పక్కనా ఎల్2, ఎల్4 అని వేయమంటున్నారు కదా, మనవాళ్లు కనిపెట్టిన చిట్కా ఏంటంటే "ఎక్స్‌ప్లెయిన్" తీసేసి "అనలైజ్" అని పెట్టడం. అర్రేకీ లింక్డ్ లిస్టుకీ తేడాలు ఆల్ ఇన్ వన్‌లో ఎనిమిది పాయింట్లుగా అచ్చేసి ఉన్నప్పుడు, మీరు ఏ క్రియ వాడినా అది బట్టీ ప్రశ్నే. లెవెల్ తేల్చేది ప్రశ్నలోని మాట కాదు, పిల్లలు దాని జవాబుని ముందే ఎక్కడైనా చూశారా లేదా అన్నదే.

మొదటి వారంలో అరగంట

మొదటి వారంలో ఒక చిన్న టెస్టు పెట్టండి, మార్కులు ఎక్కడా కలపమని ముందే చెప్పేసి. పది ప్రశ్నలు, అరగంట. సగం ఫస్టియర్ సీ ప్రోగ్రామింగ్ నుంచి (పాయింటర్లు, ఫంక్షన్‌కి అర్రే పంపడం, రికర్షన్ ట్రేస్ చేయడం), సగం మీరు ఈ సెమిస్టర్లో చెప్పబోయేవాటి నుంచి. రోల్ నంబర్ రాయించుకోండి, చివర్లో ఇదే తరహా టెస్టుతో పోల్చాలి కాబట్టి.

దీనివల్ల రెండు ప్రయోజనాలు. ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా సెకండియర్లోకి వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్లు ఇక్కడి ఫస్టియర్ సబ్జెక్టులేవీ చదవలేదు. వాళ్లలో కొందరికి సీ మనవాళ్లకంటే బాగా వచ్చు, కొందరు మ్యాథ్స్ దగ్గర తడబడతారు, క్లాసులో మొహాలు చూసి ఇది కనిపెట్టలేం. రెండోది, సెమిస్టర్ చివర వచ్చిన మార్కుల్లో మీ వాటా ఎంతో తెలుస్తుంది. మొదటే 70 తెచ్చుకున్న సెక్షన్ చివర్లో 75 తెచ్చుకుంటే అందులో మీ గొప్పేం లేదు.

దీన్ని కొలవడానికి ఫిజిక్స్ వాళ్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. పెరిగిన శాతాన్ని, పెరగడానికి ఉన్న అవకాశంతో భాగించడం. మొదట క్లాసు సగటు 30 శాతం, చివర 65 అనుకోండి. పెరిగింది 35, పెరగడానికి ఉన్నది 70, కాబట్టి 0.5. 1998లో రిచర్డ్ హేక్ అనే అమెరికన్ ఫిజిక్స్ ప్రొఫెసర్ 62 కోర్సుల్లో, 6,000 మందికి పైగా విద్యార్థుల మీద ఈ లెక్క వేసి చూస్తే, మామూలు లెక్చర్ క్లాసుల్లో సగటు 0.23 దగ్గర ఆగింది, పిల్లల చేత క్లాసులోనే ఆలోచింపజేసి, మాట్లాడించి, అక్కడికక్కడే తప్పులు దిద్దిన క్లాసుల్లో 0.48 వచ్చింది. మీ సబ్జెక్టు వేరు, మీ టెస్టు వేరు, కాబట్టి ఆ అంకెలతో పోటీ పెట్టుకోవద్దు. పోయినేడాది మీ సొంత అంకెతో పోల్చుకోండి.

ఫీడ్‌బ్యాక్: ఎప్పుడు, ఏం అడగాలి

సెమిస్టర్ చివర తీసుకునే ఫీడ్‌బ్యాక్ ఆ బ్యాచ్‌కి ఏమాత్రం పనికిరాదు. వాళ్లకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆరు సబ్జెక్టులకి, ఒక్కోదానికి పదిహేను ప్రశ్నల చొప్పున, పోర్టల్లో వరసగా 5, 5, 5 నొక్కేసి బయటపడతారు. ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవుతుందని పెడితే ఇంకా వేగంగా నొక్కుతారు. రెస్పాన్స్ రేటు నూటికి నూరు, విషయం సున్నా.

మీరు మాత్రం మీ సొంతంగా, కాలేజీ ఫారంతో సంబంధం లేకుండా, మిడ్ 1 అయిపోయి మార్కులు ఇంకా చెప్పని ఆ నాలుగైదు రోజుల్లో అడగండి. పరీక్ష రాసేటప్పుడు ఎక్కడ చేయి ఆగిందో వాళ్లకి ఇంకా గుర్తుంటుంది, మార్కులు చూసిన కోపం గానీ సంతోషం గానీ ఇంకా ఎక్కలేదు, సగం సెమిస్టర్ మిగిలే ఉంది. నాలుగు ప్రశ్నలు దాటొద్దు. నేను అడగమనేవి ఇవి: ఏ టాపిక్ దగ్గర క్లాసు అర్థమవడం ఆగిపోయింది, ఆ ముందు రోజు వరకూ ఏం అర్థమైంది? ల్యాబ్‌కి వచ్చేసరికి ఆ ప్రోగ్రామ్ థియరీ క్లాసులో అయిపోయి ఉంటోందా? ఈ సబ్జెక్టుకి క్లాసు బయట వారానికి ఎన్ని గంటలు, దేంట్లో చదువుతున్నారు, పుస్తకమా, సీనియర్ల నోట్సా, యూట్యూబా? క్లాసులో నేను చేసే ఏ పని మానేస్తే మీకు మేలు?

మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు చూస్తే చాలామందికి కళ్లు తెరుచుకుంటాయి. సెక్షన్లో సగం మంది పరీక్ష ముందు రాత్రి తప్ప పుస్తకం ముట్టుకోవట్లేదని తేలితే, లోపం మీ వివరణలో కాదు, వారం వారం చదివించే పని ఏదీ మీ కోర్సులో లేకపోవడంలో ఉంది. దానికి మందు వేరే.

ఏం అడగకూడదో కూడా చెప్పాలి. "టీచర్‌కి సబ్జెక్ట్ నాలెడ్జ్ ఎంత ఉంది, 1 నుంచి 5 వరకు" అని మన ఫారాలన్నింటిలోనూ ఉంటుంది. ఏవీఎల్ ట్రీ పేరు నిన్ననే విన్న సెకండియర్ కుర్రాడు దానికేం చెప్తాడు? తడబడకుండా మాట్లాడేవాళ్లకి 5, ఆగి ఆలోచించి చెప్పేవాళ్లకి 3 వేస్తాడు. "సిలబస్ పూర్తయిందా" అన్నది అటెండెన్స్ రిజిస్టర్లోనే ఉంటుంది. "మీరు ఎంత నేర్చుకున్నారు" అన్నదైతే మరీ ప్రమాదం. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి లెక్చర్‌గా చెప్పారు, కొందరి చేత గుంపులుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. తర్వాత పెట్టిన టెస్టులో రెండోవాళ్లకి ఎక్కువ వచ్చింది. ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది మాత్రం లెక్చర్ విన్నవాళ్లే. కష్టపడి నేర్చుకునేటప్పుడు మనకేం రావట్లేదనిపిస్తుంది, సాఫీగా వింటుంటే అంతా వచ్చేసినట్టుంటుంది. మీరు కొత్తగా క్లాసులో ప్రాబ్లమ్స్ చేయించడం మొదలుపెట్టిన సెమిస్టర్లో ఫీడ్‌బ్యాక్ తగ్గితే కంగారుపడి మానేయకండి, ముందు మార్కులు చూడండి.

పేరు తెలియకూడదన్నది మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, పిల్లలు తీసుకోరు. చేతిరాత గుర్తుపడతారని, ఇంటర్నల్స్‌లో కోస్తారని భయం ఉండనే ఉంటుంది. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపేసి, ఆపేశానని క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపించండి. తెలుగులో రాయొచ్చని, వాట్సాప్‌లో రాసినట్టు ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా పర్లేదని చెప్పండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తేడా అంతా ఇక్కడే ఉంటుంది. ఇంగ్లీషులో రాయమంటే "సార్ టీచింగ్ ఈజ్ గుడ్" అని వస్తుంది. వాళ్ల భాషలో రాయనిస్తే "రికర్షన్ చెప్పేటప్పుడు స్టాక్ బొమ్మ గీసి, తర్వాతి కాల్‌కి వెళ్లగానే తుడిచేస్తున్నారు, వెనక్కి వచ్చేటప్పుడు ఏ వాల్యూ ఎక్కడుందో కనిపించట్లేదు" అని వస్తుంది. ఇలాంటి కామెంట్ ఒక్కటి వస్తే చాలు, మర్నాడే బోర్డుని మూడు భాగాలు చేసి, ఎడమ వైపు స్టాక్ మాత్రం గంట అయ్యేదాకా తుడవకుండా ఉంచుకోవచ్చు.

వచ్చినవి చదవడం

కామెంట్లన్నీ ఒకేసారి, ఖాళీ ఉన్నప్పుడు, వీలైతే మర్నాడు చదవండి. నాలుగు కుప్పలు చేయండి: ఈ వారమే మార్చగలిగినవి, వచ్చే సెమిస్టర్లో మార్చాల్సినవి, నా చేతిలో లేనివి (లంచ్ తర్వాత వరసగా రెండు గంటలు పెట్టిన టైమ్‌టేబుల్, తిరగని ఫ్యాను), ఊరికే కసితో రాసినవి. చివరి కుప్ప ప్రతి సెక్షన్లోనూ ఉంటుంది, రెండు మూడు కాగితాలు. మనిషి మనసు ఎలాంటిదంటే యాభై మంచి మాటలు మర్చిపోయి ఆ మూడింటినే రాత్రంతా తలుచుకుంటుంది, అందుకే చదివి పక్కన పడేయండి. మూడో కుప్పలోవి హెచ్‌వోడీకి చెప్పండి, చెప్పానని పిల్లలకీ చెప్పండి.

అంకెల సంగతికొస్తే, సగటు చూడకండి, ఎంతమంది ఏం వేశారో చూడండి. స్పీడు గురించి అడిగితే సగటు 3, అంటే సరిగ్గా ఉందని సంతోషపడేలోపు, సగం మంది 5 వేసి సగం మంది 1 వేసినా సగటు 3 వస్తుందని గుర్తుంచుకోండి. ఆ రెండో రకం క్లాసుకి చేయాల్సింది పూర్తిగా వేరు. అలాగే 4.1 వచ్చిన సెక్షన్‌కీ 4.3 వచ్చిన సెక్షన్‌కీ మధ్య, అరవై మందిలో పాతిక మంది నింపిన ఫారాలతో, తేడా వెతకడం టైమ్ వేస్ట్.

తర్వాతి క్లాసులో ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి. మీరు చెప్పినవాటిలో ఇది మారుస్తున్నాను, ఇది మార్చను, ఎందుకంటే ఇదీ కారణం. "అసైన్‌మెంట్లు తగ్గించమన్నారు, తగ్గించను, కానీ రికార్డు రాసే వారం అసైన్‌మెంట్ ఉండదు." ఇంతే. ఈ ఐదు నిమిషాలు ఎగ్గొడితే వచ్చేసారి ఎవరూ నిజం రాయరు.

మార్కుల్ని ప్రశ్నలవారీగా విప్పడం

ఇక అసలు పని. అటైన్‌మెంట్ లెక్క కాలేజీ కాలేజీకి కొంచెం మారుతుంది గానీ నమూనా ఇదీ: ఒక సీవో మీద అడిగిన మార్కుల్లో 60 శాతం తెచ్చుకోవడం టార్గెట్ అనుకుంటాం, 50 శాతం మంది పిల్లలు దాన్ని దాటితే లెవెల్ 1, 60 శాతం మంది దాటితే 2, 70 శాతం మంది దాటితే 3. పరీక్షల నుంచి వచ్చింది 80 శాతం, కోర్సు చివర పిల్లల్ని అడిగే ఎగ్జిట్ సర్వే నుంచి వచ్చింది 20 శాతం కలిపి ఆఖరి అంకె.

ఇప్పుడు 60 మంది సెక్షన్ ఊహించుకోండి. ట్రీల సీవో మీద మిడ్‌లో రెండు బిట్లు ఇచ్చారు, ఒక్కోటి 5 మార్కులు. (ఎ) బైనరీ సెర్చ్ ట్రీ నిర్వచనం, లక్షణాలు రాయండి. (బి) ఇచ్చిన ట్రీలో ఇద్దరు పిల్లలున్న (అంటే కింద రెండు నోడ్‌లు ఉన్న) నోడ్‌ని తీసేసి, ఒక్కో దశలో ట్రీ ఎలా ఉంటుందో గీయండి. (ఎ)లో 3 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లు 54 మంది, (బి)లో 21 మంది. కలిపి 10కి 6 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లు 43 మంది, అంటే 71.7 శాతం, అంటే లెవెల్ 3! ఫైల్లో ఈ సీవో పచ్చగా కనిపిస్తుంది. (ఎ)లో 5 తెచ్చుకుని (బి)లో ఏదో బొమ్మ గీసి 1 తెచ్చుకున్నవాళ్లు కూడా గట్టెక్కారు మరి. మీరు సీవోలో రాసుకున్న పని చేయగలిగినవాళ్లు 35 శాతమే. అందుకే సీవోకి ఒక అంకె వేసి వదిలేయకుండా, ఆ సీవోకి ప్రాణమైన ప్రశ్న ఏదో ముందే గుర్తుపెట్టుకుని దాని అంకె విడిగా రాసుకోండి.

ఛాయిస్ ఇంకో మాయ. "ఇది లేదా అది" అని ఇచ్చిన చోట హ్యాషింగ్ ప్రశ్నని ఎనిమిది మందే రాశారు, ఏడుగురికి మంచి మార్కులొచ్చాయి. రాసినవాళ్లతో భాగిస్తే 87.5 శాతం, మళ్లీ లెవెల్ 3. మిగతా 52 మంది హ్యాషింగ్‌ని చూసి పారిపోయారన్న సంగతి ఎక్సెల్‌కి తెలియదు. ప్రతి ప్రశ్న పక్కనా ఎంతమంది రాశారో ఒక కాలమ్ పెట్టండి. కోర్సులో ఏది బలహీనంగా ఉందో చాలాసార్లు మార్కులకంటే ఈ కాలమే ముందు చెప్తుంది.

అసైన్‌మెంట్ మార్కులు ఈ లెక్కలో కలపకండి. ఒకరు రాస్తే యాభై మంది చూసి రాస్తారు, మనం అందరికీ ఐదుకి ఐదు వేస్తాం, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. ఇక అఫిలియేటెడ్ కాలేజీకి ఎక్స్‌టర్నల్ నుంచి మొత్తం మార్కో గ్రేడో తప్ప ప్రశ్నలవారీ వివరం రాదు, ఆ ఒక్క అంకెనే అన్ని సీవోలకీ పంచేస్తాం. ఫార్మాట్ కోసం పంచండి, దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

(బి)లో 39 మంది ఎందుకు పోయారు? అందరివీ మళ్లీ దిద్దక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది కదా, పోయినవాళ్లవి ఓ పది షీట్లు తీసి ముందేసుకుని, మార్కులు పట్టించుకోకుండా, తప్పు ఎక్కడ మొదలైందో మాత్రం రాసుకుంటూ పోండి. ఈ ప్రశ్నలో ఎక్కువగా దొరికే తప్పు ఒకటుంది: కుడివైపు సబ్‌ట్రీలో చిన్న వాల్యూని, అంటే ఇన్‌ఆర్డర్ సక్సెసర్‌ని, తెచ్చి తీసేయాల్సిన నోడ్‌లో రాస్తారు, అంతవరకూ సరిగ్గానే ఉంటుంది, కిందున్న ఆ పాత నోడ్‌ని తీసేయడం మర్చిపోతారు, ట్రీలో ఒకే వాల్యూ రెండుసార్లు మిగులుతుంది. కొందరు తీసేస్తారు గానీ దానికి కుడివైపు ఉన్న పిల్లని గాల్లో వదిలేస్తారు. వీళ్లకి బైనరీ సెర్చ్ ట్రీ రాదని అనలేం. "రెండో డిలీట్" ఒకటి ఉందన్న సంగతి వాళ్ల బుర్రలో నమోదు కాలేదంతే. ట్రీలు మొత్తం రివిజన్ చేస్తే ఇది పోదు, ఇరవై నిమిషాలు ఈ ఒక్క మెట్టు మీద నిలబడితే పోతుంది.

ఇప్పుడు ఎగ్జిట్ సర్వేకి పని కల్పిద్దాం. "ఈ కోర్సు బాగుంది" లాంటి వాక్యాలు తీసేసి, సీవోల్నే ప్రశ్నలుగా మార్చండి: "ఇద్దరు పిల్లలున్న నోడ్‌ని తీసేయడం మీ అంతట మీరు చేయగలరా?" తర్వాత ఆ జవాబుల్ని అదే ప్రశ్న మార్కుల పక్కన పెట్టి చూడండి. వస్తుందన్నారు, మార్కులూ వచ్చాయి, దాన్ని వదిలేయండి. రాదన్నారు, రాలేదు, ఇంకొన్ని గంటలు కావాలి. రాదనుకున్నారు గానీ మార్కులొచ్చాయి, అయితే ప్రశ్న తేలికై ఉండాలి లేదా పిల్లలు భయస్తులు. వస్తుందని గట్టిగా చెప్పి మార్కులు రాని సీవో ఉంటుంది చూశారూ, మీ టైమంతా దానికి పెట్టండి, ఎందుకంటే వాళ్లంతట వాళ్లు దాన్ని మళ్లీ తెరిచి చదవరు.

మార్చడం, మార్చాక చూడడం

సెమిస్టర్‌కి ఒకటి, మహా అయితే రెండు మార్పులు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మీకూ ఓపిక ఉండదు. మార్పు రాసుకునేటప్పుడు గంటలు ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా రాయండి. "ట్రీలకి ముందు రికర్షన్‌కి రెండు గంటలు, సార్టింగ్ డెరివేషన్లలో నుంచి తీసి, ల్యాబ్‌లో కోడ్ కొట్టే ముందు మెమరీ డబ్బాలు కాగితం మీద గీసి చూపిస్తేనే సిస్టమ్ దగ్గరికి" అంటే అది ప్లాన్. "ఎక్స్‌ట్రా క్లాసులు తీసుకుంటాం" అన్నది ఆడిటర్ కోసం రాసే మాట.

వచ్చే ఏడాది ఆ ప్రాణమున్న ప్రశ్ననే ట్రీ మార్చి, నంబర్లు మార్చి మళ్లీ అడగండి. పాత పేపర్లు జిరాక్స్ షాపులో దొరుకుతాయి కాబట్టి అదే ట్రీ ఇవ్వొద్దు. 35 శాతం 50 అయితే బాగుంది, కానీ సంబరపడే ముందు మొదటి వారం టెస్టు పోల్చుకోండి, ఈసారి వచ్చిన బ్యాచే కొంచెం గట్టిదై ఉండొచ్చు.

అంతకంటే నమ్మదగ్గ పరీక్ష తర్వాతి సెమిస్టరే. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో విద్యార్థుల్ని సెక్షన్లకి లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు, కోర్ కోర్సులకి సిలబస్, పరీక్ష అందరికీ ఒకటే, కాబట్టి ఎవరి పాఠం ఎంత పనిచేసిందో కొలవడానికి అంతకంటే అనువైన చోటు దొరకదు. 2010లో కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఎకనామిస్టులు అక్కడి లెక్కలు ప్రచురించారు. ఏ ప్రొఫెసర్ల దగ్గర ఆ కోర్సు మార్కులు బాగా వచ్చాయో వాళ్లకి ఫీడ్‌బ్యాక్ కూడా బాగా వచ్చింది, కానీ వాళ్ల విద్యార్థులు దాని మీద ఆధారపడ్డ తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారు. ఫీడ్‌బ్యాక్ అంతగా రాని, అనుభవమున్న ప్రొఫెసర్ల విద్యార్థులు అక్కడ ముందుకొచ్చారు. పరీక్షకి సరిపడా చెప్పడం, పునాది వేయడం వేర్వేరని దాన్ని బట్టి అనుకోవచ్చు. మనమూ చూడొచ్చు: అల్గారిథమ్స్ చెప్పే కొలీగ్‌ని తన మొదటి వారంలో మీ నాలుగు సీవోల ప్రాణమైన ప్రశ్నలు అడగమనండి, ఆ షీట్లు మీరే దిద్దిపెట్టండి.

హెచ్‌వోడీలకీ, కాలేజీలో నాణ్యత సంగతి చూసే ఐక్యూఏసీ వాళ్లకీ ఒక మనవి. ఫీడ్‌బ్యాక్ సగటుని ఇంక్రిమెంట్‌కి, మెమోకి ముడిపెట్టకండి. పెట్టిన రోజు నుంచి ఇంపార్టెంట్ ప్రశ్నలు ముందే చేరిపోతాయి, ఇంటర్నల్స్ ఉదారంగా పడతాయి, స్ట్రిక్ట్‌గా ఉండే మేడమ్‌కి 3.2 వస్తుంది. 2015లో వచ్చిన ఒక చిన్న అమెరికన్ అధ్యయనంలో, ఆన్‌లైన్ కోర్సులో అదే టీచర్ మగ పేరుతో కనిపిస్తే రేటింగ్ ఎక్కువ, ఆడ పేరుతో కనిపిస్తే తక్కువ వచ్చింది. కేవలం 43 మంది విద్యార్థుల మీద చేసిందే అయినా, మన స్టాఫ్ రూముల్లో మేడమ్‌లు ఎప్పటినుంచో అంటున్న మాటే అది. టీచర్‌ని అంచనా వేయాలంటే ఒక కొలీగ్ వెళ్లి గంట కూర్చుని చూడాలి, మిడ్ పేపరూ దిద్దిన షీట్లూ చూడాలి. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు పిల్లలకి నేరుగా ఈమెయిల్‌లో పంపే సర్వే కాలేజీ మొత్తం గురించి, అది మీ కోర్సు గురించి ఏమీ చెప్పదు.

చివరగా కోర్స్ ఫైల్‌లో మొదటి పేజీ. వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు మీకే ఇస్తారన్న గ్యారెంటీ లేదు, జులైలో చేరిన కొత్త లెక్చరర్‌కి పడొచ్చు. ఆ పేజీలో ఇవి చేత్తో రాసి పెట్టండి: ఏ ప్రశ్న ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది, పది షీట్లలో దొరికిన తప్పు, పిల్లలు రాసిన కామెంట్లలో పనికొచ్చినవి రెండు, వాళ్ల మాటల్లోనే, ఈసారి ఏం మార్చాం, దానికి గంటలు ఎక్కడి నుంచి తెచ్చాం, పనిచేయని మార్పు ఏది. పీవో (మొత్తం డిగ్రీకి రాసుకున్న ప్రోగ్రామ్ ఔట్‌కమ్) మ్యాపింగ్ పేజీలు దాని వెనక పెట్టుకోండి, ఆడిటర్ అడిగితే తిప్పి చూపించొచ్చు.